ఫ్రీజర్ లారీకి ప్రాణం పోసిన మెకానిక్ ఫ్రెడ్ జోన్స్ (1893–1961)



ఈసారి జీవిత కథగా ఎవరి గురించి రాయాలా అని ఆలోచిస్తూ ఉంటే, ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు ఆ పని తేలిక చేసి పెట్టాడు. వాడి పేరు ఇక్కడ రాయను. వాడి మేనమామకు ఫ్రీజర్ లారీ ఉంది. నెల్లూరు వైపు నుంచి రొయ్యలు ఎక్కించుకుని మన దిక్కు రేవులకు వస్తూ ఉంటాడు. వేసవి సెలవుల్లో వీడూ ఆ బండి మీద రెండు వారాలు తిరిగొచ్చాడు. అప్పటినుంచి బడికి వస్తున్నాడు గానీ మనసంతా బండి మీదే. మొన్న వాళ్ళ నాన్నగారు నా గదికి వచ్చి, చదువు మాన్పించి వాణ్ణి బండికి క్లీనరుగా పంపిద్దామనుకుంటున్నామని చెప్పారు. పద్నాలుగేళ్ళు నిండని పిల్లవాణ్ణి పనిలో పెట్టడం చట్టం ఒప్పుకోదని నేను చెప్పవలసింది చెప్పాను. ఆయన మారు మాట్లాడలేదు. కానీ ఆయన మనసు మారలేదని ముఖం చూస్తేనే తెలిసిపోయింది.

అప్పుడు పిల్లవాణ్ణి పిలిచి ఒక ప్రశ్న వేశాను. మీ మామ లారీకి డ్రైవరు క్యాబిన్ పైన, సరుకు పెట్టె ముందు భాగాన, ఎప్పుడూ గుర్రుమంటూ ఒక పెట్టె ఉంటుంది గదా, అది అక్కడే ఎందుకుంది, బండి కింద ఎందుకు లేదు అని. వాడికి తెలియలేదు. వాళ్ళ నాన్నగారికీ తెలియలేదు. నిజం చెప్పాలంటే కొన్నేళ్ళ కిందటి దాకా నాకూ తెలియదు. ఆ ప్రశ్నకు జవాబు కావాలంటే అమెరికాలో పుట్టిన ఒక నల్లజాతి మెకానిక్ జీవితంలోకి వెళ్ళాలి. ఆయన పేరు ఫ్రెడరిక్ మెక్‌కిన్లీ జోన్స్. అందరూ ఫ్రెడ్ అని పిలిచేవారు.

ఫ్రెడ్ 1893 మే 17న పుట్టాడు. ఒహాయో నదికి ఒక ఒడ్డున సిన్సినాటి, రెండో ఒడ్డున కోవింగ్టన్. ఈ రెండు ఊళ్ళ మధ్యే అతని బాల్యం గడిచింది. తండ్రి ఐర్లండు మూలాలున్న తెల్లవాడు, రైల్వేలో పని. తల్లి నల్లజాతి స్త్రీ. ఆ రోజుల్లో అక్కడ అలాంటి బిడ్డను ఏ వైపు వాళ్ళూ తమవాడని అనుకునేవారు కాదు. తల్లి అతని పసితనంలోనే దూరమైంది. ఒంటరి తండ్రి పిల్లవాణ్ణి సాకలేక, ఏడేళ్ళప్పుడు కోవింగ్టన్‌లో ఒక క్యాథలిక్ ఫాదరు దగ్గర వదిలి వెళ్ళాడు. మరో రెండేళ్ళకు తండ్రి కూడా చనిపోయాడు.

చర్చిలో గడ్డి కోయడం, నేల కడగడం, వంటింట్లో సాయం చేయడం, ఇవీ అతని పనులు. బడికీ పంపారు. ఆరో తరగతి దాకా చదివాడు. కానీ ఆ కుర్రవాడికి చేతికి దొరికిన గడియారాన్నో బొమ్మనో విప్పి లోపల ఏముందో చూడనిదే నిద్రపట్టేది కాదు. పదకొండు, పన్నెండేళ్ళ వయసులో చెప్పాపెట్టకుండా అక్కడినుంచి బయటపడి సిన్సినాటి చేరుకున్నాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఈ పేరా చదివి మన ఎనిమిదో తరగతి వాడి కళ్ళు మెరుస్తాయని నాకు తెలుసు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

సిన్సినాటిలో ఒక కార్ల షెడ్డులో అతనికి చీపురు పని దొరికింది. 1900ల మొదటి సంవత్సరాలవి, కారు అంటేనే వింత. రోజంతా నేల ఊడ్చి, ఒలికిన నూనె తుడిచి, మెకానిక్కులు పనిచేస్తుంటే పక్కన నిలబడి చూసేవాడు. వాళ్ళు భోజనానికి వెళ్తే ఇంజన్ దగ్గరికి వెళ్ళి తడిమి చూసేవాడు. పద్నాలుగేళ్ళకల్లా అతని చేతికి చీపురు పోయి స్పానర్ వచ్చింది. ఇంకొన్నేళ్ళకు ఆ షెడ్డుకే ఫోర్‌మన్ అయ్యాడు. పందెం కార్లు తయారు చేయడంలో అతనికి మంచి పేరు వచ్చింది. షెడ్డు ఊడ్చినవాడికి మిగతా మెకానిక్కులకు తెలియని సంగతి ఒకటి తెలుస్తుంది. దుమ్ము ఎక్కడ పేరుకుంటుందో, ఏ సందులోకి దూరుతుందో అతనికి బాగా తెలుసు. ఇది నా ఊహే గానీ, ముప్పై ఏళ్ళ తర్వాత అతనికి పనికొచ్చింది ఆ చీపురు చదువే అని నాకు అనిపిస్తుంది.

1912లో అతను ఉత్తరానికి వెళ్ళి, కెనడా సరిహద్దుకు దగ్గరలో మిన్నెసోటా రాష్ట్రంలోని హాలక్ అనే చిన్న ఊళ్ళో కుదురుకున్నాడు. రైలు మార్గాలు వేయించి పెద్ద ధనవంతుడైన జేమ్స్ హిల్ కుటుంబానికి అక్కడ వేల ఎకరాల వ్యవసాయ క్షేత్రం ఉండేది. దానిలోని ట్రాక్టర్లు, నూర్పిడి యంత్రాలు అన్నీ బాగుచేసే పని ఫ్రెడ్‌ది. మనకు ఎండ ఎలాగో అక్కడ మంచు అలాగ. చలికాలంలో నెలల తరబడి పొలం పని ఉండదు. ఆ నెలలన్నీ అతను పుస్తకాలతో గడిపాడు. కరెంటు గురించి, యంత్రాల గురించి దొరికినవన్నీ చదివాడు. పరీక్షకు కూర్చుని ఇంజనీరు లైసెన్సు సంపాదించాడు.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఫ్రెడ్ సైన్యంలో చేరి ఫ్రాన్సుకు వెళ్ళాడు. అక్కడ సైనిక శిబిరాలకు కరెంటు తీగలు, టెలిఫోన్, టెలిగ్రాఫు లైన్లు వేశాడు. సార్జెంటు అయి తిరిగి వచ్చాడు. వచ్చాక మళ్ళీ హాలకే. ఆ ఊళ్ళో అతను చేయని పని లేదు. మంచులో ఇంటింటికీ తిరగవలసిన డాక్టరుగారి కోసం పాత విమానం తొడుగుకు కింద చెక్క బద్దీలు కట్టి, ముందు ఫ్యాన్ బిగించి మంచు మీద జారే బండి చేసి పెట్టాడు. రోగిని ఎక్స్‌రే గదికి మోసుకురావడం కష్టమని అదే డాక్టరు బాధపడితే, యంత్రాన్నే రోగి దగ్గరికి తీసుకెళ్ళేలా చేతితో మోయగలిగే ఎక్స్‌రే పెట్టె తయారుచేశాడు. దానికి పేటెంటు తీసుకోవాలన్న ఆలోచనే అతనికి రాలేదు. తర్వాత అలాంటి యంత్రం మీద వేరేవాళ్ళు సంపాదించుకున్నారు. పేటెంటు అంటే ఏమిటో పిల్లలకు చెప్పాలి: ఒక వస్తువును నేనే కనిపెట్టానని చెప్పి, అది ఎలా పనిచేస్తుందో బొమ్మలు గీసి, వివరంగా రాసి ప్రభుత్వానికి ఇస్తే, కొన్నేళ్ళ పాటు దాని మీద హక్కు మనకే ఉంటుంది. రాయడం రాకపోతే ఆ హక్కు లేదు.

ఊరి సినిమాహాలు మూకీల నుంచి టాకీలకు మారాల్సి వచ్చినప్పుడు కొత్త యంత్రాలు కొనే స్తోమత ఆ హాలుకు లేదు. ఫ్రెడ్ పాత ఇనుప సామాన్లతోనే మాట వినిపించే యంత్రం తయారు చేశాడు. ఆ సంగతి మిన్నియాపోలిస్ నగరంలో సినిమా సామగ్రి వ్యాపారం చేసే జోసెఫ్ నూమెరో చెవిన పడింది. 1930 ప్రాంతంలో ఆయన ఫ్రెడ్‌ను నగరానికి పిలిపించి తన దగ్గర పెట్టుకున్నాడు. సినిమా టికెట్టు, చిల్లర తనంతట తానే బయటికి ఇచ్చే యంత్రానికి 1939లో ఫ్రెడ్ మొదటి పేటెంటు పొందాడు. ఎక్స్‌రే పెట్టె నేర్పిన పాఠం మర్చిపోలేదన్నమాట.

ఇక అసలు కథ.

అప్పటికి అమెరికాలో లారీల మీద మాంసం, కోళ్ళు, కూరగాయలు తీసుకెళ్ళాలంటే మంచుగడ్డలే దిక్కు. మన పళవేర్కాడు చెరువు ఒడ్డున చేపలు ఇప్పటికీ ఎలా సర్దుతారో మీరు చూసే ఉంటారు. పెట్టెలో ఒక వరుస ఐసు, ఒక వరుస చేప. పది, పదిహేను కిలోమీటర్లకు అది చాలు. వందల కిలోమీటర్లు పోవాలంటే దారిలో ఆగి మళ్ళీ ఐసు నింపుకోవాలి. లారీ ఎక్కడైనా పాడై నిలిచిపోతే అంతే సంగతులు. మర పెట్టి చల్లబరుద్దామని కొందరు ప్రయత్నించారు. అవి ఇళ్ళలో, కోల్డ్ స్టోరేజీల్లో కదలకుండా ఒకచోట ఉండే యంత్రాలు. లారీ మీద పెడితే సగం చోటు అవే తినేవి. పైగా రోడ్డు కుదుపులకు గొట్టాలు విరిగి, గ్యాసు కారిపోయేది.

1938 వేసవిలో లారీల వ్యాపారి ఒకాయన నూమెరోతో గోల్ఫ్ ఆడుతూ తన గోడు చెప్పుకున్నాడు. ఆయన లారీలో వెళ్తున్న కోళ్ళ మాంసం ఎండకు మొత్తం కుళ్ళిపోయింది. లోడంతా నష్టం. నూమెరో నవ్వుతూ, మా ఫ్రెడ్ చేత నీ లారీకి చల్లదనం పెట్టిస్తానులే అన్నట్టు ఒక మాట విసిరాడు. వేళాకోళానికి అన్నదాన్ని ఆ వ్యాపారి నిజంగానే పట్టుకున్నాడు. కొత్త లారీ ఒకటి తెచ్చి గుమ్మం ముందు నిలబెట్టాడు. నూమెరోకు ఏం చెప్పాలో తోచలేదు. ఫ్రెడ్ మాత్రం లారీ లోపలికి ఎక్కి, కొలతలు తీసుకుని, లెక్కలు వేసుకుని, కిందికి దిగి చేయవచ్చని చెప్పాడు.

యంత్రం ఎలా పనిచేస్తుందో పిల్లలకు రెండు ముక్కల్లో చెప్తాను. చల్లదనం అనే వస్తువు ఏదీ లేదు. వేడిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసుకుపోవడమే ఉంది. పెట్టె లోపల ఉన్న గొట్టాల్లో గ్యాసు ఆవిరవుతూ లోపలి వేడిని తాగేస్తుంది. కంప్రెసర్ దాన్ని నొక్కి బయటి గొట్టాల్లోకి పంపుతుంది. అక్కడ ఫ్యాను గాలికి ఆ వేడి బయటికి పోయి, గ్యాసు మళ్ళీ ద్రవంగా మారి లోపలికి తిరిగి వస్తుంది. ఆ బయటి గొట్టాల పేరు కండెన్సర్. దాని మీద పల్చటి అల్యూమినియం రేకులు దువ్వెన పళ్ళలా వరుసగా ఉంటాయి. ఆ పళ్ళ మధ్యలోంచి గాలి పోతేనే వేడి బయటికి పోతుంది. గాలి పోకపోతే ఎంత పెద్ద ఇంజను పెట్టినా లోపల చల్లబడదు.

ఫ్రెడ్ మొదటి యంత్రాన్ని లారీ అడుగున బిగించాడు. సరుకుకు చోటు తగ్గకూడదని. కుదుపులు తట్టుకునేలా గట్టిగా, వీలైనంత తేలికగా చేశాడు. పనిచేసింది. కానీ చక్రాలు ఎగజిమ్మిన మట్టి, దుమ్ము, బురద అంతా ఆ దువ్వెన పళ్ళలో కూరుకుపోయింది. యంత్రంలో ఏ లోపమూ లేదు, ఊపిరాడక ఆగిపోయేది.

ఇంకొకరైతే ఏం చేసేవారు? చుట్టూ జల్లెడ కట్టేవారు, లేదా రోజూ కడుక్కోండని కొన్నవాళ్ళకు చెప్పి ఊరుకునేవారు. ఫ్రెడ్ దాన్ని మురికి చేరని చోటికి మార్చాడు. యంత్రాన్ని ఇంకా తేలిక చేసి, లారీ పెట్టె ముందు గోడకు, క్యాబిన్ కన్నా ఎత్తున బిగించాడు. రోడ్డు మురికి అక్కడికి అంతగా ఎగరదు. బండి ముందుకు పోతుంటే ఎదురుగాలి తగులుతుంది. బరువు ముందు చక్రాల వైపు పడుతుంది. ఈ ఏర్పాటుకు పేటెంటు దరఖాస్తు పెడితే, 1949 జూలై 12న అది చేతికి వచ్చింది. దాని సంఖ్య 2475841. ఈ రోజు మన రోడ్డు మీద పోయే ప్రతి ఫ్రీజర్ లారీ నెత్తిన కనిపించే పెట్టె అక్కడ ఉండడానికి కారణం ఇదే. నేను పిల్లవాణ్ణి అడిగిన ప్రశ్నకు జవాబు కూడా ఇదే.

ఈ పని కోసం నూమెరో తన సినిమా వ్యాపారాన్ని అమ్మేశాడు. ఇద్దరూ కలిసి పెట్టిన కంపెనీయే తర్వాత థర్మో కింగ్ అనే పేరుతో ప్రపంచమంతా తెలిసింది. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యానికి యుద్ధరంగంలో రక్తం, మందులు, తిండి పాడవకుండా ఉంచే చిన్న యూనిట్లు కావలసి వచ్చాయి. ఫ్రెడ్ వాటినీ చేశాడు. 1944లో అమెరికా రిఫ్రిజిరేషన్ ఇంజనీర్ల సంఘంలో సభ్యుడయ్యాడు. ఆ సంఘంలోకి ఎన్నికైన మొదటి నల్లజాతి మనిషి ఆయనే. పక్కన కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది కాలేజీ పట్టాలున్నవాళ్ళు, ఈయనది ఆరో తరగతి. మొత్తం మీద ఆయన పేరున 60కి పైగా పేటెంట్లున్నాయి, అందులో 40 దాకా చల్లబరిచే యంత్రాలవే. మిన్నెసోటా చలికి కూరగాయలు గడ్డకట్టి పాడవుతాయి గనుక, అవసరమైతే పెట్టెను వెచ్చగా ఉంచే ఏర్పాటు కూడా ఆయన చేశాడు. వేడెక్కితే తనంతట తాను మొదలై, చాలినంత చల్లబడితే తనంతట తాను ఆగే ఏర్పాటూ అంతే.

ఇప్పుడు మన ఊరి సంగతి. ఫ్రెడ్ జోన్స్ పెట్టెను నెత్తికి ఎక్కించాడు గానీ, మన మింజూరు గాలి అంత ఎత్తుకూ వస్తుంది. తూర్పున సముద్రం, ఆ ఉప్పుగాలి అల్యూమినియాన్ని కొరుకుతుంది. ఎన్నూరు, అత్తిపట్టు వైపు థర్మల్ విద్యుత్ కేంద్రం, దాని బొగ్గు, బూడిద. రేవులకు పోయే కంటైనర్ బండ్లు, వండలూరు నుంచి మన దాకా వచ్చే ఔటర్ రింగురోడ్డు బండ్లు, వాటి దుమ్ము. మన పిల్లల ఇళ్ళలో పదిమందిలో ఒకరైనా ఈ బండ్ల మీద బతుకుతున్నవారే. అందుకని తెలిసిన మెకానిక్కుల దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్నవి నాలుగు మాటలు రాస్తున్నాను. ఈ యూనిట్ల పుస్తకాలు ఇంగ్లీషులో ఉంటాయి, షెడ్డుల్లో మాట తమిళంలో ఉంటుంది. తెలుగులో రాసి పెట్టినవాళ్ళు తక్కువ.

కండెన్సర్‌ను కడగాలి, అదీ నిదానంగా. సర్వీసు స్టేషనులో బండి కడిగే జోరు నీళ్ళ పైపు దానికి ఎదురుగా పెడితే దువ్వెన పళ్ళు వంగిపోయి ఒకదానికొకటి అతుక్కుంటాయి. అప్పుడు మురికి పోయిందన్న మాటే గానీ గాలి పోయే దారి కూడా మూసుకుపోయింది. యూనిట్ ఆపి, చల్లారాక, మామూలు పైపుతో, గాలి వచ్చే దిక్కుకు ఎదురు దిక్కు నుంచి, అంటే లోపలి వైపు నుంచి బయటికి నీళ్ళు పోయాలి. అప్పుడే లోపలికి దూరిన దుమ్ము వచ్చిన దారినే బయటికి పోతుంది. ఘాటైన యాసిడ్ వాడితే అల్యూమినియం తినేస్తుంది. ఇదంతా ఎందుకంటే, కండెన్సర్ మూసుకుపోతే కంప్రెసర్ ఎక్కువ ఒత్తిడి మీద తిరుగుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది, చల్లదనం తక్కువ వస్తుంది, చివరికి కంప్రెసరే పోతుంది. నీళ్ళు పోయడానికి పట్టేది పావుగంట. కంప్రెసర్ మార్చాలంటే ఇంటిల్లిపాదీ అప్పు చేయాలి.

పెట్టె బయటి గోడలు తెల్లగా ఉండేది అందానికి కాదు. తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది. మురికి పట్టి బూడిద రంగుకు వస్తే ఆ పని సరిగా చేయదు. గోడల రెండు పొరల మధ్య పఫ్ ఉంటుంది. బయటి రేకుకు ఎక్కడైనా చీలిక పడితే వాననీరు అందులోకి ఇంకుతుంది. తడిసిన పఫ్ వేడిని ఆపలేదు, పైగా బండి బరువు పెరుగుతుంది. కడిగేటప్పుడే మూలలు, రివెట్ల చుట్టూ చేత్తో తడిమి చూసి, చీలిక కనిపిస్తే ఆ వారంలోనే పూడ్చాలి. వెనక తలుపు రబ్బరు కూడా అంతే. దాని మీద చేపనీరు, ఉప్పు ఎండిపోతే రబ్బరు పెళుసెక్కి పగులుతుంది. ఒక కాగితం ముక్క పెట్టి తలుపు మూసి లాగి చూడండి. సులువుగా జారి వచ్చేస్తే అక్కడినుంచి చల్లదనం కూడా జారిపోతున్నట్టే.

లోపల నీళ్ళు బయటికి పోయే సన్నని గొట్టం ఒకటుంటుంది. పొలుసులతో, అట్టముక్కలతో అది మూసుకుపోతే నీరు లోపలే నిలిచి గడ్డకడుతుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: ఈ యూనిట్ సరుకును చల్లగా ఉంచడానికే, వేడి సరుకును చల్లబరచడానికి కాదు. గడ్డకట్టిన రొయ్యలు మైనస్ 18 డిగ్రీల్లో పోవాలంటే ఎక్కించేటప్పటికే అవి ఆ చలిలో ఉండాలి, పెట్టెను కూడా ముందే చల్లబరచి ఉంచాలి. టీకా మందులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, అంతకన్నా చల్లబడినా కొన్ని టీకాలు చెడిపోతాయి. సరుకును గోడలకు ఆనించి, పైకప్పు దాకా కుక్కితే గాలి తిరగదు. అప్పుడు ముందున్న పెట్టె గడ్డకడుతుంది, వెనకున్నది కరుగుతుంది.

చిన్నపిల్లలున్న ఇళ్ళవాళ్ళకు ఒక మాట. నిలబెట్టిన ఫ్రీజర్ పెట్టెలోకి ఆటకని ఎవరినీ ఎక్కనివ్వకండి. తలుపు పడితే లోపలి కేక బయటికి వినపడదు.

ఇదంతా విన్నాక పిల్లవాడి నాన్నగారు నన్నొక ప్రశ్న అడిగారు. నేను ఎదురుచూస్తున్న ప్రశ్నే. ఆరో తరగతితో ఆపేసినవాడు ఇంతవాడైతే మా వాణ్ణి ఎనిమిదితో ఆపితే తప్పేమిటని. హెడ్మాస్టరునై ఉండి ఇలాంటి మనిషి కథ ఎందుకు ఎంచుకున్నానని మీలో కొందరు కూడా అనుకోవచ్చు. దాచను. ఫ్రెడ్‌కు కావలసింది ఆ బడి ఇవ్వలేదు, షెడ్డు ఇచ్చింది. యంత్రాన్ని విప్పి చూడాలని తహతహలాడే పిల్లవాడికి మన బళ్ళలో ఈ రోజుకీ చూపించేది నల్లబల్ల మీద బొమ్మే. ఆ తప్పు మాది కూడా.

కానీ అతను చదువు ఆపలేదు, బడి మాత్రమే ఆగింది. అది కూడా ఇంట్లో పట్టించుకునేవాళ్ళు లేక. మంచు పడే ఆ నెలల్లో అతను నేర్చుకున్న కరెంటు లెక్కలు మన తొమ్మిది, పది తరగతుల సైన్సులో ఉన్నవే. వాటిని చెప్పేవాళ్ళు లేక ఒంటరిగా, ఎన్నో ఏళ్ళు పెట్టి నేర్చుకున్నాడు. లారీలో ఎక్కి వేసిన లెక్క, పేటెంటు కోసం గీసిన బొమ్మలు, రాసిన వివరాలు చీపురుతో వచ్చినవి కావు. ఎక్స్‌రే పెట్టె విషయంలో రాయకపోవడం వల్ల ఏం పోగొట్టుకున్నాడో ముందే చెప్పాను. మేనమామ బండిలో క్లీనరుగా చేరితే మన పిల్లవాడు కండెన్సర్ కడగడం నేర్చుకుంటాడు, సందేహం లేదు. నాకు భయం ఏమిటంటే, నలభై ఏళ్ళకు కూడా దాన్నే కడుగుతూ ఉంటాడేమో అని. ఇదే ఆయనకు చెప్పాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. ఆలోచించి చెప్తానన్నారు. రెండు రోజుల తర్వాత పదో తరగతి దాకా చూద్దామని కబురు పంపారు. ఆ తర్వాత ఐటీఐలో రిఫ్రిజిరేషన్, ఏసీ మెకానిక్ కోర్సు ఉందని కూడా ఆయనకు చెప్పి ఉంచాను. తెలుగు మీడియంలో చదివినా దానికి అడ్డు లేదు.

ఫ్రెడ్ జోన్స్ 1961 ఫిబ్రవరి 21న మిన్నియాపోలిస్‌లో ఊపిరితిత్తుల క్యాన్సరుతో చనిపోయాడు. వయసు 67. ముప్పై ఏళ్ళ తర్వాత, 1991లో, అమెరికా ప్రభుత్వం ఆయనకూ నూమెరోకూ జాతీయ సాంకేతిక పతకం ప్రకటించింది. ఆ పతకం పొందిన మొదటి నల్లజాతి మనిషి ఫ్రెడ్. ఇద్దరూ అప్పటికి లేరు. అధ్యక్షుడు జార్జి బుష్ చేతి నుంచి వాళ్ళ భార్యలు ఆ పతకాలు అందుకున్నారు.

పిల్లలకు ఒక ప్రకటన: పరీక్షలు అయిన తర్వాత వచ్చే మొదటి శనివారం ఉదయం ఆ మేనమామగారు తన లారీని, సరుకు లేకుండా, మన బడి ఆవరణలోకి తెస్తానన్నారు. 6 నుంచి 9 తరగతుల పిల్లలు చెప్పులతో కాక బూట్లతో రావాలి. ఒక్కో తరగతిని విడివిడిగా చూపిస్తాం. నిచ్చెన మన సైన్సు మాస్టారు తెస్తున్నారు. నిచ్చెన మీద ఒక్కసారి ఒక్కరే, మాస్టారు పట్టుకుని ఉండగానే ఎక్కాలి. కండెన్సర్ ఎలా కడగాలో అందరికీ చూపించేది మన ఎనిమిదో తరగతి వాడే. బండ్లున్న తల్లిదండ్రులు ఎవరైనా రావచ్చు.